కోచ్ ఆడే రోజుల్లో ఏ పొజిషన్‌లో ఆడాడు? ఈ వాదన తేల్చుకోవడం ఎలా

సికింద్రాబాద్‌లో మేం కూర్చునే ఇరానీ హోటల్లో ఒకరోజు రాత్రి పదకొండు దాటాక గొడవ మొదలైంది. జర్మన్ ఫుట్‌బాల్ కోచ్ యూర్గన్ క్లాప్ ఆడే రోజుల్లో స్ట్రైకర్, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడు అని ఒకడు, "కాదు మామా, డిఫెండర్, వెనకుండి ఆపేవాడు" అని ఇంకొకడు. ఇద్దరూ ఫోన్లు తీశారు. ఎవరికి కావాల్సింది వాళ్లకు దొరికింది. అరగంట గడిచేసరికి క్లాప్ సంగతి పోయి, "నువ్వు అసలు మ్యాచ్‌లు చూస్తావా?" అనే దాకా వచ్చింది. చాయ్ చల్లారిపోయింది, షట్టర్ సగం దించేశారు, ఇద్దరూ మొహాలు ముడుచుకుని బండ్లు స్టార్ట్ చేశారు.

ఇద్దరూ చెప్పింది నిజమే. క్లాప్ 1990లో జర్మనీలోని మైన్జ్ క్లబ్‌లో చేరినప్పుడు స్ట్రైకర్. 1991లో ఎర్ఫుర్ట్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. 1995లో డిఫెన్స్‌లోకి మారాడు. 2001లో అదే క్లబ్‌కు కోచ్ అయ్యేదాకా అక్కడే ఆడాడు. మైన్జ్ తరఫున 325 లీగ్ మ్యాచ్‌లు, 52 గోల్స్. మా వాళ్లలో ఒకడు మొదటి సగం చెప్పాడు, ఇంకొకడు రెండో సగం చెప్పాడు. అంతే తేడా.

మన దగ్గర ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకునే వాళ్లే తక్కువ. ఆ కొద్దిమంది కూడా ఇలాంటి దానికి మాటలు మానేస్తే నాకు బాధేస్తుంది. ఈ వాదన బాగా చేస్తే మ్యాచ్ చూసినంత ఆనందం ఉంటుంది. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

మొదట ప్రశ్న సరిచేయండి

"ఫలానా కోచ్ ఏ పొజిషన్‌లో ఆడేవాడు?" అని ఎవరైనా అడగ్గానే జవాబు చెప్పకండి. తిరిగి మూడు అడగండి: ఏ సంవత్సరంలో? ఏ జట్టుకు? క్లబ్‌లోనా, దేశానికా?

పశ్చిమ జర్మనీకి ఆడిన ఫ్రాంజ్ బెకెన్‌బావర్‌ని తీసుకోండి. 1966 వరల్డ్ కప్‌లో మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు. ఆ ఒక్క టోర్నమెంట్లో నాలుగు గోల్స్ కొట్టాడు. 1974లో కప్పు ఎత్తినప్పుడు డిఫెండర్ల వెనకాల నిలబడే స్వీపర్. 1990లో కోచ్‌గా మళ్లీ వరల్డ్ కప్ గెలిచాడు. "బెకెన్‌బావర్ మిడ్‌ఫీల్డర్" అన్నవాడితో, "స్వీపర్" అన్నవాడు రాత్రంతా వాదించినా తేలదు. మధ్యలో "66లోనా, 74లోనా?" అని ఒక్క మాట వేస్తే చాలు.

వాదన మొదలయ్యే ముందే ఇంకోటి కూడా ఒప్పుకోండి. కుర్రతనంలో, జూనియర్ జట్టులో ఆడింది లెక్కలోకి వస్తుందా, రాదా? ఇది ముందే తేల్చుకోకపోతే ఓడిపోతున్నవాడు చివర్లో స్కూల్ రోజులు బయటికి తీస్తాడు.

పాత పేర్లను ఇప్పటి పేర్లలోకి మార్చుకోండి

ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. ఎదురుగా ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు ఉంటే ఇంకా మంచిది, పది కావాలి.

చక్కెర డబ్బా గోల్‌కీపర్. దాని ముందు రెండు బిస్కెట్లు పెట్టండి, ఇవి ఫుల్ బ్యాక్‌లు. వాటి ముందు మూడు, ఇవి హాఫ్ బ్యాక్‌లు: రైట్ హాఫ్, సెంటర్ హాఫ్, లెఫ్ట్ హాఫ్. అన్నిటికంటే ముందు ఐదు. అంచుల్లో ఉన్నవి రైట్ అవుట్, లెఫ్ట్ అవుట్. వాటి పక్కన లోపలివి రైట్ ఇన్, లెఫ్ట్ ఇన్. మధ్యలోది సెంటర్ ఫార్వర్డ్. పాతకాలం ఫుట్‌బాల్ ఇది, 2-3-5.

ఇప్పుడు హాఫ్ బ్యాక్‌ల వరుసలో మధ్య బిస్కెట్‌ని వెనక్కి జరిపి రెండు ఫుల్ బ్యాక్‌ల మధ్యలో పెట్టండి. 1925లో ఆఫ్‌సైడ్ రూల్ మార్చారు. అంతకుముందు ఫార్వర్డ్‌కీ గోల్ లైన్‌కీ మధ్య ఎదుటి జట్టు వాళ్లు ముగ్గురు ఉండాలి, ఆ తర్వాత ఇద్దరు చాలు. ఫార్వర్డ్‌లకు పని సులువై గోల్స్ కుప్పలుగా పడేసరికి, జట్లు సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి స్టాపర్‌ని, అంటే డిఫెన్స్ మధ్యలో అడ్డుకునేవాడిని చేశాయి. మనిషి వెనక్కి వచ్చాడు కానీ పేరు మాత్రం మారలేదు. అందుకే ఇంగ్లండ్‌లో ఈరోజుకీ సెంట్రల్ డిఫెండర్‌ని "సెంటర్ హాఫ్" అనేవాళ్లున్నారు. 1920కి ముందు ఆడిన సెంటర్ హాఫ్ అయితే ఇవాళ్టి లెక్కలో మిడ్‌ఫీల్డర్. 1950లలో ఆడిన సెంటర్ హాఫ్ చాలావరకు డిఫెండర్. పాత పేపర్లో ఆ మాట కనిపిస్తే ముందు ఏ సంవత్సరం పేపరో చూడండి.

బిస్కెట్లు తీసేయకండి. రైట్ ఇన్, లెఫ్ట్ ఇన్ రెండిటినీ ఒక వేలెడు వెనక్కి జరపండి. ఇప్పుడు వాళ్లు ఫార్వర్డ్‌లా, మిడ్‌ఫీల్డర్లా? రెండూ. మన తులసీదాస్ బలరాం సంగతిలో ఈ ముక్క బాగా పనికొస్తుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినాయన. ఒకరు లెఫ్ట్ అవుట్ అంటారు, ఇంకొకరు లెఫ్ట్ ఇన్ అంటారు. ఆయన రెండు చోట్లా ఆడారు. పక్కన ఎవరు ఆడుతున్నారో చూస్తే ఆ రోజు ఆయన ఎక్కడున్నారో తెలుస్తుంది. చునీ గోస్వామి లెఫ్ట్ ఇన్‌గా ఉంటే బలరాంని అంచున వెతకండి.

నంబర్ చూసి తీర్పు చెప్పకండి

"చొక్కా మీద 1 ఉంది కదా, గోల్‌కీపరే" అని ఒక క్విజ్‌లో నేనే గట్టిగా అరిచాను. ఫొటోలో ఉన్నది ఓసీ ఆర్డిలెస్. 1982 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా వాళ్లు నంబర్లను ఇంటిపేర్ల అక్షరక్రమంలో పంచారు. ఆర్డిలెస్ పేరు మొదట వచ్చింది కాబట్టి 1 ఆయనకు వచ్చింది. మారడోనాకు మాత్రం 10 ఉంచారు. ఆర్డిలెస్ మిడ్‌ఫీల్డర్. తర్వాత ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌కీ, టాటెన్‌హామ్‌కీ మేనేజర్‌గా చేశాడు. 1974లో నెదర్లాండ్స్ గోల్‌కీపర్ యాంగ్‌బ్లూడ్ నంబర్ 8. అదే జట్టులో 14 వేసుకున్న క్రూయిఫ్ తర్వాత బార్సిలోనాకు కోచ్ అయ్యాడు.

నంబర్‌ని నమ్మదగ్గ కాలం కూడా ఒకటుంది. ఇంగ్లండ్ లీగ్‌లో 1939 నుంచి నంబర్లు తప్పనిసరి చేశారు. ఆ రోజుల్లో మ్యాచ్ మొదలుపెట్టే పదకొండు మందికి 1 నుంచి 11 వరకు, పొజిషన్ ప్రకారం ఇచ్చేవారు. 2, 3 ఫుల్ బ్యాక్‌లు, 4, 5, 6 హాఫ్‌లు, 7 నుంచి 11 దాకా ఫార్వర్డ్‌లు. 1993-94లో ప్రీమియర్ లీగ్ సీజన్ మొత్తానికి ఒకే నంబర్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నంబర్ ఆటగాడి సొంత ఇష్టంలాంటిది అయిపోయింది. అంటే పాత లీగ్ మ్యాచ్ ఫొటో అయితే నంబర్ ఒక సాక్ష్యమే, వరల్డ్ కప్ ఫొటో అయితే కాదు.

దేశాన్ని బట్టి కూడా మారుతుంది. బార్సిలోనాలో, తర్వాత అక్కడే కోచ్ అయిన గార్డియోలా 4 వేసుకుని డిఫెన్స్ ముందు నిలబడి ఆట నడిపించేవాడు. అర్జెంటీనాలో ఆ పని చేసేవాడిని "ఐదో నంబర్" అంటారు.

గోల్స్ లెక్క చూసి మోసపోకండి

తర్వాత కోచ్ అయిన రొనాల్డ్ కూమన్ ఆడే రోజుల్లో 200కి పైగా గోల్స్ కొట్టాడు. 1992లో బార్సిలోనాకు మొదటి యూరోపియన్ కప్ తెచ్చింది ఆయన ఫ్రీ కిక్కే. గోల్స్ మాత్రమే చూసినవాడు ఫార్వర్డ్ అనుకుంటాడు. ఆయన డిఫెండర్, పెనాల్టీలు, ఫ్రీ కిక్‌లు ఆయనే కొట్టేవాడు. అందుకని గోల్స్ ఎన్ని అని కాకుండా, ఎలా వచ్చాయి అని చూడండి.

పేర్లు కలిసిపోకుండా చూసుకోండి

పోర్చుగల్‌కు చెందిన కోచ్ హోసే మౌరిన్హో గోల్‌కీపర్‌గా ఆడాడని అనేవాళ్లు ఉంటారు. గోల్‌కీపర్ ఆయన తండ్రి, పోర్చుగల్ దేశానికి కూడా ఆడాడు. కొడుకు మిడ్‌ఫీల్డర్, అదీ పెద్ద స్థాయిలో కాదు. మన దగ్గర కూడా ఈ చిక్కు ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ భారత జట్టుకు కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. అదే జట్టులో డిఫెండర్ కోళికోడ్ టి. అబ్దుల్ రహ్మాన్. పాత పేపర్లో అక్షరం చెరిగిపోతే ఒకరి ఆట ఇంకొకరి ఖాతాలో పడుతుంది. పూర్తి పేరు, ఊరు, సంవత్సరం మూడూ కలిస్తేనే ఆ మనిషి అని ఒప్పుకోండి.

ఏ సాక్ష్యానికి ఎంత విలువ

నా వరుస ఇది. ఆ రోజు మ్యాచ్ రిపోర్టులో ఉన్న జట్టు కూర్పు అన్నిటికంటే పైన. మ్యాచ్ చూసినవాళ్లు చెప్పింది దాని తర్వాత. ఆ తర్వాత టోర్నమెంట్‌కు ఎంపికైన జట్టు జాబితా. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఆడినట్టు కాదు. రహీం గారి అబ్బాయి సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, కానీ ఒక్క మ్యాచ్‌లో కూడా దిగే అవకాశం రాలేదు. ఆయన హాఫ్ బ్యాక్. తర్వాత కోచ్ అయ్యారు, అంతర్జాతీయ రెఫరీ కూడా అయ్యారు.

పాత మ్యాచ్ రిపోర్టుల్లో జట్టు పేర్లు ఉత్తినే రాయరు. గోల్‌కీపర్ పేరు తర్వాత ఒక సెమికోలన్, ఇద్దరు బ్యాక్‌లు, మళ్లీ సెమికోలన్, ముగ్గురు హాఫ్‌లు, చివర్లో ఐదుగురు ఫార్వర్డ్‌లు కుడి నుంచి ఎడమకు. ఆ సెమికోలన్లు లెక్కపెడితే పొజిషన్ తెలిసిపోతుంది. ఇది తెలిశాక పాత పేపర్ కటింగ్ చూడడమే నాకు మ్యాచ్ చూసినట్టు ఉంటుంది.

గ్రూప్ ఫొటో మాత్రం దాదాపు దేనికీ పనికిరాదు. కూర్చున్నవాళ్లు ఫార్వర్డ్‌లు, నిలబడ్డవాళ్లు డిఫెండర్లు అని చెప్పేవాళ్లను నమ్మకండి. వేరే రంగు చొక్కా వేసుకున్నవాడు గోల్‌కీపర్ అన్నంత వరకు సరే.

ఒక్క మ్యాచ్‌ని జీవితం అనుకోకండి

1962 జకార్తా ఆసియా క్రీడలు. జర్నైల్ సింగ్ ఆ కాలంలో మన స్టాపర్. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో డిఫెన్స్‌లో హెడర్లు కొట్టడం కష్టం, జట్టులోంచి తీసేయడమూ ఇష్టం లేదు. రహీం గారు ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, మనం 3-2తో గెలిచాం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారు పతకం.

ఆ ఫైనల్ ఒక్కటే చూసినవాడు జర్నైల్ సింగ్ సెంటర్ ఫార్వర్డ్ అని ఒట్టేసి చెబుతాడు, తప్పు చెప్పినట్టు కాదు. కానీ ఆయన పేరు నిలిచింది డిఫెండర్‌గానే. వాదనలో రెండూ చెప్పండి: ఎక్కువ కాలం ఎక్కడ, ఏ పెద్ద మ్యాచ్‌లో ఎక్కడ.

మారియో జగాలో కూడా అంతే. జాబితాలో లెఫ్ట్ వింగర్, అంటే పాత లెఫ్ట్ అవుట్. 1958, 1962 వరల్డ్ కప్‌లు గెలిచిన బ్రెజిల్‌కు ఆడాడు. కానీ బంతి పోగానే మిడ్‌ఫీల్డ్‌లోకి దిగి వచ్చేసేవాడు, 4-2-4 కాస్తా 4-3-3 అయ్యేది. 1970లో ఆయన కోచ్‌గా బ్రెజిల్ మళ్లీ గెలిచింది. ఇలాంటి వాళ్ల విషయంలో "పేరుకు వింగర్, పనికి మూడో మిడ్‌ఫీల్డర్" అని చెబితే ఎదుటివాడు కూడా తల ఊపుతాడు.

హైదరాబాద్ వాళ్ల గురించి అయితే

ఈ ఊళ్లో ఈ వాదనకు దొరికినంత సరుకు వేరే ఊళ్లో దొరకదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా. దాని వెనకున్న రహీం గారు వృత్తికి స్కూల్ టీచర్. భారత జట్టుతో 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం గెలిచారు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చారు. 1963 జూన్‌లో పోయారు.

ఈ ఊళ్లోనే పుట్టి కోచ్‌లైన వాళ్లలో తేలిగ్గా తేలేవి ముందు చెప్పేస్తాను. సయ్యద్ నయీముద్దీన్ డిఫెండర్. 1970 ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన జట్టుకు కెప్టెన్, తర్వాత భారత జట్టు కోచ్. షబ్బీర్ అలీ ఫార్వర్డ్. ఆయన కోచ్‌గా ఉండగా సాల్గావ్‌కర్ జట్టు 1998-99 నేషనల్ లీగ్ గెలిచింది. వీళ్ల మీద పెద్దగా గొడవ రాదు.

గొడవ వచ్చేది పీటర్ తంగరాజ్ మీద. 1935లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆసియాలోనే గొప్ప గోల్‌కీపర్లలో ఒకరని పేరు. ఆట మానేశాక కోచ్‌గా చేశారు. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. కానీ సికింద్రాబాద్ వైపు పాతవాళ్ల దగ్గర కూర్చుంటే "ఆయన మొదట సెంటర్ ఫార్వర్డ్" అంటారు. కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వకండి, అది నిజం. ఆర్మీలో చేరిన కొత్తలో ముందు వరుసలో ఆడి, తర్వాత గోల్‌లోకి వెళ్లారు. గోల్స్ కొట్టడానికి వెళ్లినవాడు గోల్స్ ఆపేవాడు అవడం నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా అబ్బురంగానే ఉంటుంది.

పెద్దవాళ్లను ఎలా అడగాలి

మా పెదనాన్న బొల్లారంలో ఉంటారు. ఫతే మైదాన్ అని పిలిచే రోజుల నుంచి, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియంలో మ్యాచ్‌లు చూసినవారు. నేను మొదటిసారి వెళ్లి "పెదనాన్నా, ఫలానా ఆయన ఏ పొజిషన్?" అని అడిగితే "ఎక్కడ పెడితే అక్కడ ఆడేవాడు" అన్నారు. అంతే, మాట అయిపోయింది.

రెండోసారి వేరేగా అడిగాను. "మీరు ఎటువైపు కూర్చునేవాళ్లు?" నీడ ఉన్న వైపు అన్నారు. "ఫస్టాఫ్‌లో ఆయన మీకు దగ్గరగా కనిపించేవాడా, అవతల అంచునా?" కొంచెంసేపు కళ్లు మూసుకుని, "దగ్గరే. చెమట కారడం కనిపించేది" అన్నారు. "కార్నర్ కిక్ వస్తే ఎక్కడుండేవాడు?" "వెళ్లేవాడు కాదు, సెంటర్ లైన్ దగ్గరే నిలబడేవాడు." "ఆయన ఎవరిని పట్టుకునేవాడు?" ఆ ప్రశ్నకు పెదనాన్న లేచి నిలబడ్డారు. ఎదుటి జట్టు వింగర్ పేరు చెప్పి, వాడు ఎలా లోపలికి కోసుకొచ్చేవాడో, ఈయన భుజం ఎలా అడ్డం పెట్టేవాడో చేసి చూపించారు. పెద్దమ్మ వంటింట్లోంచి "మోకాళ్లు జాగ్రత్త" అని కేకేసింది. అలా తేలింది, ఫుల్ బ్యాక్ అని.

పొజిషన్ పేరు అడగకండి. ఎక్కడ కనిపించేవాడు, ఎవరితో తలపడేవాడు, కార్నర్ అప్పుడు ఎక్కడుండేవాడు, బంతి పోతే ఎటు పరిగెత్తేవాడు, ఇవి అడగండి. పెద్దవాళ్లకు పేర్లు మరిచిపోవచ్చు, దృశ్యం మరిచిపోరు. మధ్యలో ఫోన్ తీసి సరిదిద్దకండి. వాళ్లు చెప్పింది రాసుకుని, కటింగ్‌తో తర్వాత పోల్చుకోండి. "ఆప్ కే జమానే మే" అని మొదలుపెడితే పాతబస్తీలో, బార్కస్‌లో చాలా తలుపులు తెరుచుకుంటాయి.

ఈ పని వాయిదా వేయకండి. బలరాం 2023లో పోయారు, హకీం 2021లో పోయారు. వాళ్లను గ్రౌండ్‌లో చూసిన ప్రేక్షకులు కూడా తగ్గిపోతున్నారు.

తీర్పు ఎలా చెప్పాలి

ఒక్క మాటలో కాకుండా ఒక్క వాక్యంలో చెప్పండి. "క్లాప్: మైన్జ్‌లో 1995 దాకా స్ట్రైకర్, ఆ తర్వాత డిఫెండర్." "తంగరాజ్: మొదట్లో సెంటర్ ఫార్వర్డ్, పేరు తెచ్చుకుంది గోల్‌కీపర్‌గా." పందెం కాసి ఉంటే, వాక్యంలో ఇద్దరి ముక్కా ఉన్నప్పుడు బిల్లు సగం సగం. ఒకరిది పూర్తిగా తప్పని తేలితే వాడు ఆ రాత్రే గ్రూప్‌లో "నాది తప్పు" అని ఒక మెసేజ్ పెట్టాలి. మా గ్రూప్‌లో ఈ రూల్ పెట్టాక ఎవరూ అలిగి వెళ్లలేదు.

పొజిషన్ తేలగానే "అందుకే ఆయన జట్టు అలా ఆడుతుంది" అని వెంటనే లంకె పెట్టకండి. మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా పేరు తెచ్చుకున్న ఫెర్గూసన్ స్ట్రైకరే, 1965-66లో స్కాట్లాండ్ క్లబ్ డన్‌ఫర్మ్‌లిన్‌కు 51 మ్యాచ్‌ల్లో 45 గోల్స్ కొట్టాడు. కానీ ఆయన జట్లలో గొప్ప డిఫెన్స్‌లూ ఉన్నాయి. అది వేరే వాదన, వేరే రాత్రి పెట్టుకోండి.

తేలినవన్నీ నేను ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్‌లో రాస్తున్నాను: పేరు, ఊరు, సంవత్సరం, జట్టు, పొజిషన్, ఎవరు చెప్పారు. క్లాప్ మీద గొట్లాడుకున్న ఇద్దరిలో ఒకడు ఇప్పుడు ఆదివారాలు నాతోపాటు బొల్లారం వస్తున్నాడు. పోయినసారి బిస్కెట్ల ప్యాకెట్ వాడే తెచ్చాడు. పెదనాన్న పదీ టీపాయ్ మీద పేర్చి, లెఫ్ట్ హాఫ్‌ని మాత్రం చేతిలో ఉంచుకుని, "ఇతని గురించి చెప్తా, రాసుకోండి" అన్నారు.